రావులపాలెం హోటల్లో పనివారు ఏడాది కూడా నిలవడం లేదు: ఎక్కడ సరిదిద్దుకోవాలి?

ప్రశ్న: హోటల్ యజమాని, రావులపాలెం

అందరికీ నమస్కారం. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి పక్కన పదకొండేళ్లుగా టిఫిన్లు, భోజనాల హోటల్ నడుపుతున్నాను. వంట మాస్టర్లు, దోసె మాస్టరు, సప్లయర్లు, క్లీనర్లు, గిన్నెలు తోమే ఆడవారు, క్యాషియర్లు కలిపి నెలజీతం మీద 18 మంది, రోజుకూలి మీద మరో 8 మంది పనిచేస్తున్నారు. రాజమహేంద్రవరం వైపు, తణుకు వైపు, కోనసీమ లోపలికి వెళ్లే బండ్లన్నీ ఇక్కడే ఆగుతాయి కాబట్టి వ్యాపారానికి లోటు లేదు. మనుషులు నిలవకపోవడం ఒక్కటే నన్ను కుంగదీస్తోంది.

పోయిన ఉగాది నుంచి ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఒక నోటు పుస్తకంలో రాస్తూ వచ్చాను. ఏడాది తిరిగేసరికి ఆ 26 స్థానాల కోసం 41 మందిని కొత్తగా తీసుకున్నానని తేలింది. వారిలో 17 మంది మొదటి నెల జీతం అందుకోకముందే వెళ్లిపోయారు. శ్రావణంలో అందరికీ నెలకు 1,500 రూపాయలు పెంచాను గాని, ఆ తరువాతి మూడు నెలల్లో మానేసినవారి లెక్క ఏమీ తగ్గలేదు. కొందరు రొయ్యల ప్లాంట్లకు వెళ్లారు, కొందరు హైదరాబాదుకు, ఇద్దరు కువైట్‌కు వెళ్లారు. మిగిలినవారు ఎక్కడికి వెళ్లారో నాకు తెలియదు.

భోగి నాడు జరిగినది చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు పెనం వెలిగించే సమయానికి దోసె మాస్టరు లేడు, ముగ్గురు సప్లయర్లు లేరు, ఎవరి ఫోనూ మోగలేదు. హైదరాబాదు నుంచి పండుగకు వస్తున్నవారి కార్లు రోడ్డు మీదికి బారులు తీరి ఉంటే, నేనే పెనం దగ్గర నిలబడ్డాను. కనుమ మర్నాడు వచ్చిన ఒక కుర్రవాడిని అందరి ఎదుట గట్టిగా కేకలేశాను. అతడు ఎదురు మాట్లాడలేదు. భుజం మీది తువ్వాలు మడిచి కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయాడు. రెండేళ్లుగా నా దగ్గర ఉన్నవాడు, అయిదు ప్లేట్లు ఒక చేతి మీద మోసుకురాగలవాడు.

నేను అడగదలచినవి మూడు. జీతం పెంచినా ఎందుకు నిలవడం లేదు? మొదటి నెలలోనే వెళ్లిపోయేవారిని ఆపడానికి ఏమైనా చేయగలమా? అడ్వాన్సు తీసుకుని కనిపించకుండా పోయేవారి వల్ల చాలా నష్టపోయాను కాబట్టి, అసలు ఆధార్ కార్డు, ఒక నెల జీతం మన దగ్గర అట్టిపెట్టుకోమని తోటి హోటళ్లవారు సలహా ఇస్తున్నారు. అది సరైన పనేనా?

జవాబు 1: బట్టల దుకాణంలో ఫ్లోర్ మేనేజరు, రాజమహేంద్రవరం

అయ్యా, మీరు పుస్తకం రాయడం చాలా మంచి పని. అయితే దాన్ని మానేసిన నెలను బట్టి చూడకండి, చేరిన తరువాత ఎన్నో వారంలో మానేశారో చూడండి. మొదటి వారంలో వెళ్లినవారికి, అయిదో నెలలో వెళ్లినవారికి, రెండేళ్లు ఉండి వెళ్లినవారికి కారణాలు వేరువేరుగా ఉంటాయి. మీరు మాత్రం అందరికీ కలిపి జీతం అనే ఒకే మందు వేశారు.

మా దుకాణంలో సేల్స్ అమ్మాయిలు మొదటి పది రోజుల్లోనే ఎక్కువగా మానేసేవారు. విచారిస్తే, ఆషాఢం తగ్గింపు అమ్మకాల రద్దీకి మనుషులు కావాలని జ్యేష్ఠం చివరలో తీసుకుని, వచ్చిన రోజే చీరల కౌంటరు ముందు నిలబెట్టేస్తున్నామని అర్థమైంది. ధర ఎక్కడ రాసి ఉంటుందో కూడా తెలియని పిల్లను నలుగురు కొనుగోలుదారులు ఒకేసారి ప్రశ్నలు వేస్తే, ఆమె మధ్యాహ్నం భోజనానికని వెళ్లి తిరిగి రాకపోవడంలో వింత లేదు. ఇప్పుడు నెల ముందుగా తీసుకుంటున్నాం. మొదటి వారం మడతలు, సరుకు సర్దడం మాత్రమే అప్పగించి, ఒక పాత ఉద్యోగిని పక్కన జత చేస్తున్నాం. నేర్పినందుకు ఆ పాత అమ్మాయికి, కొత్త అమ్మాయి మూడు నెలలు నిలిచిన తరువాత కొంత సొమ్ము ఇస్తున్నాం. మీరు కూడా కొత్త సప్లయర్‌ను తీసుకునే ముందు ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకు రమ్మని, భోజనాల హాలు ఎలా ఉంటుందో ఒక గంట చూపించండి. భయపడేవాడు ఆ రోజే వద్దంటాడు. చూసి కూడా చేరినవాడు మొదటి నెలలో పారిపోడు.

నిలబడే పని గురించి ఒక మాట. మా అమ్మాయిలు రోజుకు పది గంటలు నిలబడేవారు. కేరళలో 2018లోను, తమిళనాడులో 2021లోను దుకాణాల చట్టాన్ని సవరించి, పనివారు కూర్చోవడానికి వీలు కల్పించాలని నిబంధన తెచ్చారు. అది చదివిన తరువాత మా యజమాని ప్రతి కౌంటరు వెనుక రెండు స్టూళ్లు వేయించారు. కొనేవారు లేనప్పుడు కూర్చోవచ్చని, అందుకు ఎవరూ ఏమీ అనకూడదని మాకు స్పష్టంగా చెప్పారు. మోకాళ్ల నొప్పులని మానేసేవారు ఆ తరువాత బాగా తగ్గారు. ఆ స్టూళ్లకు పెట్టిన ఖర్చు ఒక రోజు అమ్మకంలో లెక్కకు రానంత చిన్నది.

ఇంకొకటి, మానేసిన రోజున కారణం అడిగితే ఎవరూ నిజం చెప్పరు, ఊళ్లో పని ఉందనో, ఆరోగ్యం బాగోలేదనో అంటారు. నెల గడిచాక, జీతం లెక్క పూర్తిగా తీర్చిన తరువాత ఫోన్ చేసి మర్యాదగా అడిగితే చెబుతారు. మీ పుస్తకంలో ఎక్కడికి వెళ్లారో తెలియని వారు ఉన్నారని రాశారు కదా, ముందు వారికి ఫోన్ చేయండి.

జవాబు 2: మాజీ సప్లయరు, ప్రస్తుతం కాకినాడ హోటల్లో కెప్టెన్ (సప్లయర్ల మీద అజమాయిషీ చేసేవాడు)

అండీ, నేను ఆరేళ్లలో అయిదు హోటళ్లు మారినవాడిని. మీరు మా వైపు నుంచి కూడా తెలుసుకోవాలని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ అయిదింటిలో జీతం కోసం మానేసినది ఒక్కటే. మిగిలిన నాలుగింటిలో నన్ను పంపించినది బ్రేక్ డ్యూటీ. పొద్దున నాలుగున్నరకు దిగితే పదకొండుకు టిఫిన్లు అయిపోతాయి, పన్నెండు నుంచి మూడున్నర దాకా భోజనాలు, మళ్లీ ఆరు నుంచి రాత్రి పదిన్నర దాకా టిఫిన్లు, చపాతీలు. యజమాని లెక్కలో మధ్యలో మూడున్నర గంటలు విశ్రాంతి ఉన్నట్టే. ఆ మూడున్నర గంటల్లో మేము ఇంటికి వెళ్లి రాలేము. వంటగది మీద ఉన్న రేకుల గదిలో ఎనిమిది మంది పడుకునేవాళ్లం. వేసవిలో కింద పొయ్యిల వేడి, పైన రేకు వేడి, ఒకే ఫ్యాను. లెక్కకు పద్నాలుగున్నర గంటలే అయినా, రోజు మొత్తం హోటలే తినేస్తుంది. రొయ్యల ప్లాంటులో చేతులు చల్లటి నీళ్లలో నాని పగిలిపోయినా, షిఫ్టు అయిపోగానే కంపెనీ బస్సు ఇంటి దగ్గర దింపేస్తుంది. మావాళ్లు అక్కడికి వెళ్లేది దానికోసమే.

రెండోది తిండి. వంద మందికి వేడివేడిగా వడ్డించి, నాలుగు గంటలకు మేము కూర్చుంటే సాంబారు అడుగు, చల్లారిన అన్నం మిగిలేవి. నేను నాలుగేళ్లు నిలిచిన ఒకే ఒక్క హోటల్లో, పదకొండున్నరకు కౌంటరు తెరవకముందే పనివారందరికీ భోజనం పెట్టేవారు, యజమాని కూడా అదే పంక్తిలో కూర్చునేవారు. నన్ను అక్కడ కట్టిపడేసినది ఆ భోజనం, ఆ తరువాత వారు నాకు నేర్పిన బిల్లింగు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు కంప్యూటరు మీద బిల్లు కొట్టడం, సరుకు లెక్క చూడడం నేర్పించారు. అవి వచ్చాయి కాబట్టే ఈ రోజు నేను కెప్టెన్‌గా ఉన్నాను. పదేళ్ల తరువాత కూడా అదే టేబుళ్లకు అదే నీళ్లు పోస్తూ ఉంటానని తెలిసినప్పుడు, అయిదు వందలు ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్లిపోవడం తప్ప మాకు ముందుకు వెళ్లే దారి ఇంకేదీ కనిపించదు.

సంక్రాంతి విషయం. మీ కుర్రవాడు కనుమ మర్నాడు వచ్చాడన్నారు, అతడిది కోనసీమ లోపలి ఊరైతే కనుమ నాడు ప్రభల తీర్థానికి (ఊరూరి నుంచి అలంకరించిన ప్రభలను మోసుకొచ్చే జాతరకు) ఉండి ఉంటాడు. జగ్గన్నతోటకు ప్రభ బయలుదేరుతుంటే మా ఊళ్లో మగవాడు ఇంట్లో ఉండడు, దాన్ని భుజాన మోసుకుంటూ కౌశిక ఏరు దాటించాలి. సెలవు అడిగితే ఇవ్వరని తెలిసి ఫోన్ ఆపేస్తారు, నేనూ ఆపేశాను. నేను నాలుగేళ్లు ఉన్న హోటల్లో కార్తీకంలోనే ఒక్కొక్కరినీ పిలిచి, ఏడాదిలో తప్పనిసరిగా ఇంట్లో ఉండవలసిన రెండు రోజులు ఏవని అడిగి గోడ మీద క్యాలెండర్లో రాసేవారు. మాలో కొందరికి భోగి ముఖ్యం, కొందరికి కనుమ, చాలామందికి క్రిస్మస్, ఒకరిద్దరికి రంజాన్, అంతర్వేది వైపు వారికి భీష్మ ఏకాదశి. అందరూ ఒకే రోజు అడగరని అక్కడ తెలిసింది. అడిగిన రోజు వచ్చిందంటే, మిగిలిన పండుగ రోజుల్లో ఎవరూ ఎగ్గొట్టేవారు కాదు.

వరదల మాట కూడా మరచిపోకండి. గోదావరి మధ్యలోని లంక గ్రామాల నుంచి వచ్చే పనివారికి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకు నీరు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే గొడ్లను గట్టెక్కించాలి, బియ్యం అటక మీద పెట్టాలి. 13.75 అడుగులకు రెండో హెచ్చరిక వచ్చేసరికి చాలాచోట్ల దారే ఉండదు. ఆ మూడు నాలుగు రోజులకు జీతం కోసి, తిరిగి వచ్చాక నిలదీస్తే, అతడు ఆ నెల జీతం తీసుకుని మళ్లీ రాడు.

చివరిగా, కేకలేసిన సంగతి. తప్పు ఉంటే లోపలికి పిలిచి ఎంతైనా అనండి. కస్టమర్ల ముందు, ముఖ్యంగా కొత్తవాళ్ల ముందు, పాతవాడిని అనకండి. ఆ కుర్రవాడి నంబరు మీ దగ్గర ఉంటే మీరే స్వయంగా ఫోన్ చేయండి.

జవాబు 3: లెక్కలు, పి.ఎఫ్. పనులు చూసే వృత్తిలో ఉన్నాను, భీమవరం

మూడో ప్రశ్నకు ముందు సమాధానం చెప్పాలి, ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. అసలు ఆధార్ కార్డులు గాని, సర్టిఫికెట్లు గాని దయచేసి మీ దగ్గర పెట్టుకోకండి. అడ్వాన్సు ఇచ్చి, అది తీరే దాకా మరో చోటికి వెళ్లడానికి వీల్లేదని మనిషిని కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. జీతం అట్టిపెట్టుకోవడం కూడా కుదరదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెలజీతం మరుసటి నెల ఏడో తేదీ లోపల చెల్లించాలి. పనివాడు మానేసినా, మనం తొలగించినా, అతనికి రావలసిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. అడ్వాన్సులు పోతున్నాయనుకుంటే, చేరినరోజే పదివేలు ఇచ్చే పద్ధతి మానండి. మూడు నెలలు నిండిన తరువాత, నెలకు కొంత చొప్పున తీరేలా, కాగితం మీద రాసుకుని చిన్న మొత్తాలు ఇవ్వండి. నిజానికి అడ్వాన్సు ఆశ చూపించి తెచ్చుకున్న మనిషి ఆ అడ్వాన్సు కోసమే వచ్చినవాడవుతాడు.

మీ ప్రశ్నలో మరో విషయం నాకు కనిపించింది. 18 మంది నెలజీతం, 8 మంది రోజుకూలి అని విడదీసి రాశారు. 20 మంది లేరు కదా అని పి.ఎఫ్. (భవిష్య నిధి) కట్టకుండా ఉన్నారేమోనని అనుమానం. లెక్కలోకి రోజుకూలీలు, కాంట్రాక్టు వారు కూడా వస్తారు, కాబట్టి మీకు 26 మంది ఉన్నట్టే. పి.ఎఫ్. 20 మంది, ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 10 మంది, అంతకు మించి ఉన్న చోట వర్తిస్తుంది. పి.ఎఫ్.లో ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం. ఇ.ఎస్.ఐ.లో నెలకు 21,000 వరకు జీతం ఉన్నవారికి ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం. దీన్ని భారంగా చూసేవారే ఎక్కువ గాని, నేను చూసిన చోట్లలో మనుషులు నిలవడానికి ఇది బాగా ఉపయోగపడింది, అయితే దాన్ని పనివారికి అర్థమయ్యేలా చెప్పినప్పుడు మాత్రమే. గిన్నెలు తోమే ఆమెకు జబ్బు చేసి వారం రోజులు రాలేకపోతే, అర్హత ఉన్నవారికి ఇ.ఎస్.ఐ. నుంచి జీతంలో 70 శాతం వరకు అందుతుందని, అది ఏడాదికి 91 రోజుల దాకా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పరు. జీతంలో కోత పడినట్టు మాత్రం కనిపిస్తుంది. ఆమె ఎదుటే ఫోన్లో పి.ఎఫ్. పాస్‌బుక్ తెరిచి, మీరు కట్టిన సగం ఎంతో చూపించండి.

గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు యజమాని ఇవ్వవలసిన సొమ్ము, కూడా చెప్పవలసినదే. పదిమంది, అంతకు మించి ఉన్న చోట అయిదేళ్లు నిండినవారికి ప్రతి సంవత్సరానికి 15 రోజుల జీతం చొప్పున వస్తుంది. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి ఒక్క ఏడాదితోనే ఆ హక్కు వస్తుంది. మీ దగ్గర అయిదేళ్లు దాటినవారు కొద్దిమంది ఉంటే, వారికి ఇంతవరకు ఎంత జమైందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నాలుగో ఏట ఉన్నవాడు ఆ కాగితం చూస్తే, మరో ఏడాది ఉండాలని అతనికే అనిపిస్తుంది.

ఇక మొదటి ప్రశ్న, జీతం పెంచినా ఎందుకు నిలవలేదు అన్నది. అమెరికా కార్ల కంపెనీ ఫోర్డ్‌లో 1913లో సుమారు 14 వేల మందిని పనిలో ఉంచడానికి ఏడాదిలో 52 వేల మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో రోజుకు అయిదు డాలర్లు ప్రకటించాక ఆ వలస ఆగింది. జీతం పెంచితే నిలుస్తారనడానికి అందరూ ఈ ఉదాహరణ చెబుతారు. కాని అక్కడ పెరిగినది అంతకు ముందున్న దానికి రెట్టింపు పైన, అదే ప్రకటనలో రోజు పని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించారు కూడా. ఆ రెండో సగం ఎవరూ చెప్పరు. మీ 1,500ను పక్క హోటలు ఒక్క రోజులో అందుకోగలదు. పని గంటలు తగ్గించడం, సెలవు ఖాయం చేయడం మాత్రం అంత తేలికగా ఎవరూ అనుకరించలేరు. పైన కాకినాడ మిత్రులు రాసిన బ్రేక్ డ్యూటీ మాటను అందుకే మీరు జాగ్రత్తగా చదవాలి.

ఒక చిన్న లెక్క వేయండి. ఒక సప్లయరు మానేస్తే మీకు పోయేది అతని అడ్వాన్సు ఒక్కటే కాదు. కొత్తవాడు వచ్చి కుదురుకునే దాకా మిగిలినవారు డబుల్ డ్యూటీ చేస్తారు. అలా రెండు వారాలు చేసినవారిలో ఒకరు మానేస్తారు. నోటు పుస్తకం తీసి తేదీలు చూడండి, మానేయడాలు ఒంటరిగా కాక గుత్తులుగా పడి ఉంటాయని నా అంచనా. అదే నిజమైతే, 26 మందికి బదులు 28 మందిని పెట్టుకోవడం మీకు ఖర్చు అనిపించినా, దాని వల్ల కలిసివచ్చేదే ఎక్కువ.

జవాబు 4: నర్సింగ్ హోమ్ పరిపాలన, అమలాపురం

పైవారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, అందరినీ నిలుపుకోవాలన్న పట్టుదలను కొంచెం సడలించమని చెప్పదలచాను. మా దగ్గర చేరే నర్సులలో చాలామంది ఒకటి రెండు సంవత్సరాల అనుభవం కోసమే వస్తారు, ఆ తరువాత హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో వెళతారు. ఆ కుటుంబాలకు అక్కడి జీతం అవసరం, మేము దానికి పోటీ పడలేము. మొదట్లో అనుభవ పత్రం ఇవ్వకుండా తిప్పేవాళ్లం, దానివల్ల వారు చెప్పకుండా మానేయడం నేర్చుకున్నారు. ఇప్పుడు చేరినరోజే ఎన్నాళ్లు ఉండదలచారో అడుగుతాం. మూడు నెలల ముందు చెబితే, వెళ్లే రోజున అనుభవ పత్రం, బాకీ జీతం చేతిలో పెట్టి పంపిస్తాం. అలా వెళ్లినవారు తమ ఊరి పిల్లలనే మా దగ్గరకు పంపుతున్నారు. రాత్రి డ్యూటీల పట్టిక మాత్రం నెల మొదట్లోనే అంటిస్తాం, దాన్ని డాక్టరుగారు అడిగినా మార్చం.

ప్రశ్న వేసినవారి జవాబు: రావులపాలెం

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఆలోచించి, పుస్తకం ముందేసుకుని కూర్చున్న తరువాత రాస్తున్నాను.

భీమవరం వారు చెప్పినట్టే, మానేసిన తేదీలు గుత్తులుగానే ఉన్నాయి. ఆగస్టులో ఒక గుత్తి, సంక్రాంతి తరువాత ఒకటి, వైశాఖంలో పెళ్లిళ్లప్పుడు ఒకటి. ఆగస్టు గుత్తిలో అయిదుగురిలో నలుగురు లంకలవారే. అప్పుడు వరద వచ్చిందని నాకు తెలుసు, కాని రాని రోజులకు జీతం కోసింది నేనే. పి.ఎఫ్. విషయంలో కూడా వారి అనుమానం నిజమే. సోమవారం ఆ పని మొదలుపెడుతున్నాను. కార్డులు పెట్టుకునే ఆలోచన మానుకున్నాను.

బ్రేక్ డ్యూటీని ఒకేసారి తీసేయడం నా వల్ల కాదు, వంట మాస్టర్లు ముగ్గురే ఉన్నారు. సప్లయర్లలో మాత్రం పొద్దున నాలుగున్నర నుంచి ఒకటిన్నర దాకా ఒక జట్టు, పదకొండున్నర నుంచి రాత్రి దాకా ఒక జట్టుగా విడదీసి, ఇద్దరిని అదనంగా తీసుకుంటున్నాను. రద్దీ ఎక్కువగా ఉండే పన్నెండు, ఒకటిన్నర మధ్య రెండు జట్లూ ఉంటాయి. దీనివల్ల నెలకు అయ్యే అదనపు ఖర్చు, పోయిన ఏడాది పోగొట్టుకున్న అడ్వాన్సులతో పోలిస్తే పెద్ద తేడాగా లేదు. పనివారి భోజనం పదకొండు గంటలకు మార్చాను, నేనూ వారితోనే తింటున్నాను.

ఆ కుర్రవాడికి ఫోన్ చేశాను. అతడు మండపేటలో చేరిపోయాడు, అక్కడ బాగానే ఉందన్నాడు, తిరిగి రమ్మని నేను అడగలేదు. కనుమ నాడు ప్రభ మోయడానికే వెళ్లానని, పదిహేనేళ్ల వయసు నుంచి ఒక్క ఏడాది కూడా మానలేదని చెప్పాడు. రెండేళ్లు నా దగ్గర పనిచేసినా ఆ సంగతి నాకు తెలియదు. అతనికి రావలసిన పదకొండు రోజుల జీతం నిన్న పంపించాను.

క్యాలెండరు చేతులు కడిగే చోట గోడకు తగిలించి, ఒక్కొక్కరినీ పిలిచి రెండేసి రోజులు అడుగుతున్నాను. గిన్నెలు తోమే పెద్దామె తొమ్మిదేళ్లుగా ఉంది, ఒక్క రోజు సెలవు అడిగిన గుర్తు నాకు లేదు. ఆమె చాలాసేపు చెప్పలేదు. చివరికి గుడ్ ఫ్రైడే ఒకటి రాయమంది, రెండోది ఇంటికి వెళ్లి కూతురిని అడిగి చెబుతానంది. ఆ గడి ఆమె కోసం ఖాళీగా ఉంచాను.